పిన్నుల పిన్ని

మా వీధిలో అందరికీ పిన్ని అయిన మనిషి ఒకామె ఉంది. అందరికీ అంటే నిజంగా అందరికీ. పాలు పోసే అతను పిన్నీ అంటాడు, అతని కొడుకూ పిన్నీ అంటాడు. తండ్రికీ కొడుక్కీ ఒకే మనిషి పిన్ని ఎలా అయిందని ఎవరూ అడగరు. వయసులో నేను ఆమెకంటే పెద్దదాన్ని, అయినా నేనూ పిన్నీ అనే పిలుస్తాను. ఆమె నన్ను అక్కా అంటుంది. ఈ వరసలు కలపబోతే బుర్ర తిరుగుతుంది కాబట్టి అలాగే వదిలేశాం.

వరసకు ఆమెను పిన్నీ అనాల్సిన మనిషి మాత్రం లోకంలో ఒక్కతే ఉంది. సొంత అక్క కూతురు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆంటీ అంటోంది.

నాది ఇస్త్రీ కొట్టు. కొట్టు ముందు ఒక బల్ల ఉంటుంది. బట్టల కోసం ఆగేవాళ్ళు కూర్చుంటారని వేయించాను గానీ, దాని మీద ఎక్కువగా కూర్చునేది పిన్నే. ఆమె ఇల్లు నా కొట్టు పక్క సందులో, ఒకే గది. ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీ కింద పొడుగాటి బల్ల, ఆ బల్ల నిండా వైర్లు, మరలు, ఒక సోల్డరింగ్ ఐరన్.

"నీదీ ఐరనే, నాదీ ఐరనే అక్కా. నీది ముడతలు పోగొడుతుంది, నాది తెగినవి అతుకుతుంది" అంటుంది.

మాటకారే. కానీ పిలవందే ఎక్కడికీ వెళ్ళదు. పిలవని చోట గడప తొక్కొద్దని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిందట, అది ఒంట్లో ఇంకిపోయింది. ఎదురింట్లో ఫ్యాను ఆగిపోయి వాళ్ళు ఉక్కపోతకు అల్లాడుతున్నా, బాగుచెయ్యడం ఆమెకు చిటికెలో పనే అయినా, "పిన్నీ, ఓసారి రా" అనేదాకా బల్ల మీంచి లేవదు. పిలిచారా, చేతిలో టీ గ్లాసు ఉన్నది ఉన్నట్టే పెట్టేసి పరుగు. ఆమె సగం తాగి వదిలేసిన టీలు ఎన్ని పారబోశానో. పొద్దున్నే స్నానం చేసి, బిగించి జడ వేసుకుని, స్క్రూడ్రైవర్ల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చునేది ఆ ఒక్క పిలుపు కోసమే అని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను కబుర్లకోసం వస్తోంది కాబోలు అనుకునేదాన్ని.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు చూస్తున్న రోజుల్లో అక్క పోయింది. బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చంటిది పిన్ని చంకెక్కింది, ఇక దిగలేదు. స్టెబిలైజర్ల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ పని చేసి పిల్లను చదివించింది. ఆ ఫ్యాక్టరీలో బోర్డులు బల్ల మీదకి బోర్లా వచ్చేవట. చచ్చిన బొద్దింకల్లా కాళ్ళు పైకి పెట్టుకుని. అతకాల్సింది ఆ కాళ్ళే కాబట్టి, కాళ్ళు ఎప్పుడూ బొడ్డు వైపు నుంచే లెక్కపెట్టడం వాళ్ళకు అలవాటు. వాళ్ళు పిన్నులు అని అనరు. కాళ్ళు అంటారు.

ఫ్యాక్టరీ మూతపడేనాటికి పిల్ల కాలేజీలో చేరింది. ఒక రోజు అరచేతిలో పట్టేంత బోర్డు ఒకటి పట్టుకొచ్చింది. అది చిన్న కంప్యూటరట. రెండంచుల వెంటా వరసగా పిన్నులు. దాంతో తనంతట తాను నడిచే బండి ఒకటి చెయ్యాలి, అదీ చదువులో భాగమే. సోల్డరింగ్ పని పిన్నిది, ఆలోచన పిల్లది.

"దీనికి ఎన్ని కాళ్ళే!" అందట పిన్ని.

"కాళ్ళు కాదు పిన్నీ, పిన్నులు అనాలి."

"ఇంతమంది పిన్నులు ఎక్కడినుంచి వచ్చారే? నీకున్నది నేనొక్కదాన్నేగా!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారట. అప్పట్నుంచి ఆ పిల్ల ఆమెను పిన్నుల పిన్ని అని పిలిచేది. వీధిలోకి పిన్ని అన్న పేరు అలా వచ్చిందే. పిల్లకు ఉద్యోగం వచ్చి ఇంకో ఊరు వెళ్ళిపోయింది, నలుగురి మధ్య పిన్ని అంటే మోటుగా ఉంటుందని ఆంటీలోకి దిగింది. బండి విప్పేసింది. బోర్డు మాత్రం ఈ గదిలోనే ఉండిపోయింది. పిన్ని దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి దాచింది.

మా కొట్టుకు ఎదురుగా నేమ్ బోర్డుల దుకాణం ఉంది. ఇళ్ళకీ, ఆఫీసు గదులకీ చెక్క మీద పేర్లు చెక్కి ఇస్తారు. యజమానిని అందరం పలకాయన అంటాం. ఆయన కోడలే దుకాణం చూసుకుంటుంది. కొడుకు ఏదో పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. చెక్కే మిషన్ పెద్ద మంచమంత ఉంటుంది. మంచానికి అడ్డంగా ఒక ఇనప చెయ్యి, ఆ చేతికి గిర్రున తిరుగుతూ చెక్కను తొలిచే బిట్టు. చెయ్యి ముందుకీ వెనక్కీ పోతుంది, బిట్టు ఎడమకీ కుడికీ, పైకీ కిందికీ పోతుంది. వీటన్నింటినీ నడిపించే పెట్టె ఒకటి గోడకు ఉండేది. ఒక వానాకాలం కరెంటు తన్నుకొచ్చి ఆ పెట్టె మాడిపోయింది. తయారుచేసినవాళ్ళు వ్యాపారమే మానేశారట. పలకాయన నా కొట్టు దగ్గరకొచ్చి ఒకటే శోకాలు.

"పాత ఇనుము కింద అమ్మేస్తానమ్మా. పీడా పోతుంది."

పిన్ని పక్కనే కూర్చుని ఉంది.  ఆమె వేళ్ళు సంచి తాడును ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాయి. నేనే అన్నాను.

"ఇనుము కొట్టుకి పోయేముందు మా పిన్నిని అడగరాదూ?"

"ఫ్యాన్లు బాగుచేసే మనిషి కదమ్మా ఈవిడ?"

"అడిగి చూడండి."

ఆయన తల గోక్కుని, "ఏమ్మా పిన్నీ, ఓసారి వచ్చి చూస్తావా?" అన్నాడు.

ఆ టీ కూడా నేనే పారబోశాను.

మాడిన పెట్టెకు బదులు పెట్టడానికి గుడ్డలోంచి బోర్డు బయటికి వచ్చింది. పని జరిగినన్నాళ్ళూ ఇస్త్రీ అయిన బట్టలు ఇవ్వడానికని నేను రోజూ అక్కడికి పోయేదాన్ని. పోయినప్పుడల్లా ఆమె నాకు పాఠం చెప్పేది. నాకు చదువు రాదు, ఆమె చెప్పినట్టే చెప్తున్నాను. ఆ బోర్డు మీద పిన్నులు ఒక్కోటి రకరకాల పనులు చెయ్యగలవు. ఏ పిన్ను ఏ పని చెయ్యాలో ముందే పురమాయించాలి. ఇంటికి చుట్టాలొస్తే ఒకామెకు కూరలు తరగమనీ, ఒకామెకు పిల్లల్ని ఎత్తుకోమనీ చెప్పినట్టే. కొన్ని పిన్నులు మాట్లాడతాయి, అంటే మోటారుకు ఇంత తిరుగు, ఇటు తిరుగు అని చెప్తాయి. కొన్ని వింటాయి. చెయ్యి మంచం చివరికి వచ్చిందని అక్కడి స్విచ్చు చెప్తే వినడం వాటి పని.

"మాట్లాడేవే ఎక్కువ, వినేవి తక్కువ. పిన్నులు కదక్కా" అంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిన్ను వరసలో ఎన్నోదో ఒక లెక్క, లోపలి చిప్పు దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో అది ఇంకో లెక్క. రెండూ కలవవు. "ఇదేం చోద్యం?" అన్నాను. "చోద్యమేముంది? నిన్ను నీ కోడలు అత్తయ్యా అంటుంది, మీ తమ్ముడు అక్కా అంటాడు, నేనూ అక్కా అంటా. మనిషివి నువ్వే కదా. పిలిచే నోటిని బట్టి పేరు" అంది. అంతకంటే బాగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

అన్ని వైర్లూ పెట్టి, కూర్చుని, ఎవరి పని వాళ్ళకు పురమాయించి, మొదటిసారి మీట నొక్కింది. బిట్టును ఎడమకు పొమ్మంటే అది ఠీవిగా పైకి లేచింది. పలకాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటమ్మా, ఎగిరిపోయేట్టుందే!"

పిన్ని మొహం పాలిపోయింది. కరెంటు తీసేసింది. బోర్డును వెల్లకిలా తిప్పింది, బోర్లా తిప్పింది, మళ్ళీ వెల్లకిలా తిప్పింది. ఉన్నట్టుండి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పకపకా నవ్వింది.

"నా మతి మండ! బొడ్డు వైపు నుంచి లెక్కపెట్టానక్కా. ఎడమ వరస కుడికి పోయింది, కుడి వరస ఎడమకు వచ్చింది. ఫ్యాక్టరీ మూసేసినా అలవాటు మూసుకోలేదు."

వైర్లన్నీ మార్చింది. ఈసారి బిట్టు పైకి లేవకుండా అడ్డంగానే పోతోందని సంబరపడి, కోడలు ఒక చిన్న చెక్క ముక్క పెట్టి, "ముందు పిన్ని పేరే చెక్కుదాం" అని పిన్ని అనే మాటే కొట్టింది. మిషన్ ఝుమ్మని చెక్కింది. పొట్టు ఊదేసి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఎవరి భాషో తెలియలేదు. కోడలు పరుగున లోపలికి వెళ్ళి చేతి అద్దం తెచ్చి ఎదురుగా పెట్టింది. అద్దంలో పిన్ని అని చక్కగా కనపడింది.

"బాగుందమ్మా. అంబులెన్సు వాళ్ళ ఆర్డర్లు పట్టొచ్చు మనం" అన్నాడు పలకాయన. ఆ రోజు మా వైపు అందరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. ఒక మోటారుకు దిక్కు చెప్పే పిన్ను తిరగబడింది, అంతే. మర్నాటికి సరిచేసింది. ఆ తిరగబడ్డ ముక్కను మాత్రం ఇంటికి పట్టుకుపోయి, గోడ అద్దానికి ఎదురు గోడ మీద మేకు కొట్టి తగిలించింది. పొద్దున్నే ఆమె జడ వేసుకుంటుంటే అద్దంలో ఆ మాట తిన్నగా కనపడుతుంది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్న ఒకటే వరస. పలకాయన షట్టరు లేపుతాడు. కోడలు మెట్ల మీదకొచ్చి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, "పిన్నీ! రండి, మీ చుట్టాలందరూ పడుకునే ఉన్నారు!" అని అరుస్తుంది. ఎందుకంటే కరెంటు తీసి మళ్ళీ పెడితే ఆ పిన్నులకు ఏదీ గుర్తుండదు. నిన్న ఏం చేశావో నాకేం తెలుసు అన్నట్టు కూర్చుంటాయి. మళ్ళీ ఒక్కోదానికి పేరు పేరునా పని చెప్పాలి. పిన్ని వెళ్ళి, కీబోర్డు ముందు కూర్చుని ఆ మాటలన్నీ కొడుతుంది. దుకాణంలో పని చేసేవాళ్ళంతా నిలబడే చేస్తారు, కూర్చోవడానికి ఏమీ ఉండదు. అందుకని ఇంటి నుంచి తన స్టూలు తీసుకుపోయి అక్కడే పెట్టుకుంది. పని పురమాయించాక మిషన్ ముందు తన ఇల్లు వెతుక్కుంటుంది. అంటే, లేవగానే తానెక్కడుందో దానికి తెలియదు. మెల్లగా ఒక మూలకు పోతూ పోతూ, అక్కడి స్విచ్చు టిక్కుమనగానే ఆగి, ఓహో ఇది నా ఇల్లు అనుకుంటుంది. అక్కడినుంచే తక్కిన లెక్కంతా. ఆ టిక్కులన్నీ పడ్డాక పిన్ని తిరిగొచ్చి నా బల్ల మీద కూర్చునేది. మొహం వెలిగిపోతూ ఉండేది.

ఒక రోజు నాకు అనుమానం వచ్చింది.

"రోజూ చెప్పకుండా ఒక్కసారే చెప్పి ఊరుకునే దారి లేదా పిన్నీ?"

ఆమె టీ ఊదుకుంటూ కూర్చుంది.

"ఉంది. బోర్డు లేవగానే చదువుకునే చోటు ఒకటుంది. అందులో రాసేస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. లేస్తూనే ఎవరి పనిలోకి వాళ్ళు పోతారు."

"మరి రాసెయ్యొచ్చుగా?"

"రాసేస్తే రేపు నన్నెవరు పిలుస్తారక్కా?"

టైమెంతని అడిగినంత మామూలుగా అడిగి, టీ తాగింది. నా చేతిలో ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. ఆ చొక్కా గల ఆయనతో తర్వాత మాటలు పడ్డాను.

ఇలా ఎంతకాలం సాగేదో. ఒక రోజు అక్క కూతురు ఫోన్ చేసింది. కొత్తగా ఫ్లాట్ తీసుకుందట, చూడ్డానికి రమ్మంది. పిలిచింది! పిన్ని తన చీరల్లో మంచిది నా చేత రెండుసార్లు ఇస్త్రీ చేయించుకుంది. పొద్దున్నే దుకాణంలో పిన్నులకు పనులు చెప్పేసి, సాయంత్రానికి వచ్చేస్తానని బస్సెక్కింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది గానీ, మిషన్ మొద్దుబారి కూర్చుంది. మంచం మీద పెద్ద తలుపు చెక్క, సగం చెక్కినది. సాయంత్రం తీసుకెళ్ళడానికి దాన్ని చేయించుకున్నవాళ్ళు వస్తారు. కోడలు పిన్నికి ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పలకాయన వీధిలో వినపడేలా అరుపులు.

"ఇన్నాళ్ళు పక్కనే నిలబడి ఏం నేర్చుకున్నావమ్మా? ఆవిడ లేకపోతే దుకాణం మూసుకోవాలా?"

"చూస్తూనే ఉన్నాను కదా మామయ్యా, నేను పెడతాను" అంది కోడలు. రోజూ పక్కన నిలబడి చూసింది కదా, గుర్తున్నంతవరకు ఒక్కోటే కొట్టింది. అన్నీ బాగానే చెప్పింది. ఒక్కటి తప్పింది. మూలనున్న స్విచ్చు మాట వినాల్సిన పిన్నుకు, వినమనడానికి బదులు మాట్లాడమని చెప్పింది.

మిషన్ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది. మూలకు పోయింది. స్విచ్చు టిక్కుమంది. వినేవాళ్ళెవరూ లేరు. చెయ్యి ఆగకుండా పోయి ఇనప అంచుకు గుద్దుకుంది. మోటారు ఇంకా తోస్తూనే ఉంది. బెల్టు పటుక్కున తెగింది, బిట్టు తలుపు మీద అడ్డంగా గీరేసింది. ఆపుదామని చెయ్యి పెట్టిన కోడలి మణికట్టు ఆ ఇనప చేతికీ అంచుకీ మధ్య నలిగింది. ఆ కేక విని నేను ఇస్త్రీ పెట్టె పక్కన పడేసి పరిగెత్తాను.

ఎముక విరగలేదు. వాచింది, కట్టు కట్టారు.

సాయంత్రం పిన్ని బస్సు దిగింది. నా బల్ల మీద కూర్చుని, నేను అడక్కుండానే చెప్పింది. ఫ్లాట్ బాగుందట. అద్దాల తలుపులు, మెత్తటి సోఫాలు. అమ్మాయి స్నేహితులంతా వచ్చారట. "మా ఆంటీ" అని అందరికీ పరిచయం చేసిందట. ఈమె స్క్రూడ్రైవర్ల సంచి హాల్లో బాగుండదని లోపలి గదిలో అల్మారాలో పెట్టిందట.

"ఫోను?" అన్నాను.

"సంచిలోనే."

"ఎన్నిసార్లు చేశారో తెలుసా పిన్నీ?"

అప్పుడు చెప్పాను జరిగింది. ఆమె సంచిలోంచి ఫోను తీసి చూసుకుంది. ఒకదాని కింద ఒకటి, అన్నీ కోడలి పిలుపులే. వాటిని వేలితో పైకి తోస్తూ, తోస్తూ, చివరిదాకా చూసింది.  పుట్టాక అన్నిసార్లు ఆమెను ఎవరూ పిలిచి ఉండరు.

మర్నాడు పిలిచేదాకా ఆగలేదని అనుకుంటున్నారేమో. లేదు, ఆగింది. బల్ల మీదే, సంచి ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని. కోడలు కట్టు కట్టిన చేత్తో మెట్ల మీదకొచ్చింది. ఈసారి చుట్టాల మాట లేదు. "పిన్నీ" అంది, అంతే. పిన్ని వెళ్ళింది. నేను బట్టల కట్ట ఒకటి తీసుకుని వెనకే పోయాను. కట్టలో ఒక్క చొక్కా మాత్రమే ఉంది, ఎవరూ చూడలేదు.

ముందు కొత్త బెల్టు వేసింది. తర్వాత స్టూలు మీద కూర్చుని కీబోర్డు అందుకుంది. రోజూ కొట్టే మాటలే, కానీ ఈసారి వేరే చోట రాసింది, తొందర లేకుండా, ఒక్కో పిన్నునీ పేరు పెట్టి. రాయడం అయ్యాక కరెంటు మొత్తం తీసేసింది. మళ్ళీ పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే మిషన్ లేచి, మూలకు పోయి, టిక్కుమని ఆగింది. ఇంకోవైపు పోయి టిక్కుమంది. బిట్టు పైకి పోయి టిక్కుమంది.

"అదేంటి పిన్నీ! దానంతట అదే..." అంది కోడలు.

"ఇక రోజూ ఇంతే. మీట నొక్కితే చాలు. కరెంటు పోయినా సరే."

పలకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంతేనా పని? మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదమ్మా?"

కోడలు కూడా ఆమె వైపే చూస్తోంది. వాచిన చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఉంది.

పిన్ని స్టూలు మీంచి లేచింది.

"నాకు చేతకాలేదండి. నిన్ననే తెలుసుకున్నా" అంది.

ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట చేతకాలేదన్న మాట నేను వినలేదు. పాడైన పాత రేడియో ముందు కూడా అనలేదు. పలకాయన తల ఊపాడు.  పిన్ని స్టూలు చంకన పెట్టుకుని రోడ్డు దాటి, నా కొట్టు ముందునుంచే తన గదికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా బయటికి రాలేదు.

ఆ తర్వాత పొద్దున్నలు మారిపోయాయి. షట్టరు లేస్తుంది. మిషన్ లేస్తుంది. ఎవరూ ఎవరినీ పిలవరు. కోడలికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, కనపడితే చెయ్యి ఊపుతుంది. అవసరం లేదు, అంతే. పిలవడానికి అవసరం కావాలి కదా, ఊరికే ఎవరు పిలుస్తారు?

పిన్ని మాత్రం అదే వేళకు స్నానం చేసి, అదే జడ వేసుకుని, అదే సంచితో వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. రోడ్డు అవతల మిషన్ చప్పుడు మొదలవగానే మాటలు ఆపేస్తుంది. తల కాస్త పక్కకు వంచి వింటుంది. పెదాలు కదులుతాయి.

"ఇప్పుడు చెయ్యి పోతోంది... ఆ, తగిలింది. ఇప్పుడు అడ్డంగా... తగిలింది. ఇక పైది... ఆ."

అన్నీ ఇల్లు చేరాక ఊపిరి వదిలి, "బాగానే ఉన్నారు" అని టీ అందుకుంటుంది. చుట్టాల క్షేమం కనుక్కున్నట్టు. ఆ రోజుల్లో ఆమె టీ నేను ఒక్కసారి కూడా పారబోయలేదు. గ్లాసు అడుగుదాకా తాగేది. నాకది అస్సలు నచ్చేది కాదు.

"ఇంట్లో ఏదైనా పని పెట్టుకోరాదూ" అన్నాను ఒకసారి.

"పెట్టుకున్నా. ఇదే."

వానలు తగ్గి ఎండ కాస్తున్న ఒక పొద్దున, అలాగే వింటూ వింటూ ఆమె నొసలు ముడిపడింది.

"విన్నావా అక్కా?"

"ఏంటి? ఎప్పటి చప్పుడే కదా."

"కాదు. అడ్డంగా పోయేది రెండుసార్లు టిక్కుమంది. టక్కు, టిక్కు. స్విచ్చు మర వదులైంది. అది ఊగుతోంది."

మర్నాడు కూడా అంతే. టక్కు, టిక్కు. ఈసారి నాకూ వినపడింది. ఆమె చెప్పింది కాబట్టి వినపడిందో, నిజంగానో తెలియదు. ఆ మర ఊడితే ఏమవుతుందో నాకు ఇప్పుడు తెలుసు. కోడలి మణికట్టు మీద మచ్చ ఇంకా పోలేదు.

"వెళ్ళి చెప్పరాదూ?"

"పిలవలేదుగా."

"వాళ్ళకు తెలిస్తే కదా పిలవడానికి! నీలాగా ఆ చప్పుడు వినేవాళ్ళు అక్కడెవరున్నారు?"

పిన్ని సంచి తాడు ముడి వేసింది, విప్పింది. ఎదురుగా తెరిచిన షట్టరు, లోపల కోడలు వీపు. మిషన్ పేరేదో చెక్కడం మొదలుపెట్టింది. పిన్ని మెట్ల వైపు చూస్తూనే ఉంది. మెట్ల మీదకు ఎవరూ రాలేదు.

టీ పొగలు కక్కుతోంది. దాన్ని బల్ల మీద పెట్టి లేచింది. రోడ్డు దగ్గర ఆగి, ఒక సైకిలు పోయేదాకా చూసి, దాటింది. అలా ఎవరూ పిలవకుండా ఆమె ఇంకొకరి గడప ఎక్కడం నేను చూడ్డం అదే మొదలు. గడప దగ్గర కాలు ఒక్క క్షణం తడబడింది. లోపలికి పోయింది. మిషన్ చప్పుడు ఆగింది.

కాసేపటికి బయటికి వచ్చింది. నా వైపు చూడకుండా సందులోకి పోయింది. అయిపోయింది కాబోలు, ఏదో అన్నారు కాబోలు అనుకున్నాను. ఇంతలో మళ్ళీ కనపడింది, చంకన స్టూలు.

"ఏమన్నారే?" అన్నాను.

"ఏమంటారు? కోడలు ఫోనులో ఉంది. పలకాయన బిల్లులు రాసుకుంటున్నాడు."

"రమ్మన్నారా మరి?"

"లేదు."

"మరి స్టూలెందుకు?"

"వంగి మర బిగించడానికి నడుం ఒప్పుకోవడం లేదక్కా" అంది.

రోడ్డు దాటి వెళ్ళిపోయింది.  చాలాసేపటి తర్వాత మిషన్ లేచి, ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నేను కూడా తల వంచి విన్నాను. ఒక్కటే టిక్కు.

బల్ల మీద టీ చల్లారిపోయింది, పారబోశాను. మధ్యాహ్నం దాకా ఆమె రాలేదు. ఎవరైనా కూర్చోమన్నారో, ఆమే కూర్చుందో నాకు తెలియదు, ఆమె చెప్పలేదు. సాయంత్రం షట్టరు దించాక, పిన్ని సంచి ఒక్కటే భుజాన వేసుకుని, చంకన స్టూలు లేకుండా ఇంటికి వెళ్ళింది.